క్రియ తోక పట్టుకోండి: క్యాన్, కుడ్, మస్ట్, వుడ్ ఎక్కడ ఏది వాడాలి

గుంటూరు బ్రాడీపేటలో నా సాయంత్రం బ్యాచ్‌కి వచ్చేవాళ్ళకు గ్రామరు రాదని కాదు. క్యాన్ అంటే గలను, మస్ట్ అంటే తప్పక, షుడ్ అంటే వలెను అని బడిలో పట్టిక బట్టీ పట్టినవాళ్ళే అందరూ. ఆ పట్టికే కొంప ముంచుతోంది. ‘నేను మార్కెట్టుకు పోవలెను’ అని ఇంట్లో ఎవరంటారు? నోట్లో ఆడే తెలుగు ఒకటి, పట్టికలో తెలుగు ఇంకొకటి. అందుకే కొత్తగా చేరినవాళ్ళను ముందు ఇంగ్లీషు పుస్తకం తెరవనివ్వను. మామూలుగా మాట్లాడే తెలుగు వాక్యం ఒకటి చెప్పమంటాను. చెప్పాక, దాని క్రియ చివర ఏముందో చూడమంటాను.

చేయగలను, చేయొచ్చు, చేయాలి, చేయకూడదు, చేయక్కర్లేదు, చేస్తాను, చేయనా, చేద్దామా, చేసేదాన్ని, చేయాల్సింది, చేసి ఉంటుంది, చేసి ఉండొచ్చు. ఇంగ్లీషువాళ్ళు క్రియకు ముందు విడిగా ఓ చిన్న మాట పెట్టి చెప్పేదంతా మనం క్రియకు తోకలా తగిలిస్తాం. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేం గానీ, ఈ తోక పట్టుకుంటే ఆ చిన్న మాటల దగ్గర, అంటే మోడల్ వెర్బుల దగ్గర, చాలావరకు ఒడ్డున పడతాం.

ముందు కట్టుబాట్లు, గబగబా. ఈ మాటలు తొమ్మిది: క్యాన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. వీటి వెనక క్రియ ఏ అలంకారమూ లేకుండా రావాలి. ‘హి క్యాన్ స్పీక్ హిందీ’, అంతే. స్పీక్స్ అనకండి. ‘షి మస్ట్ గో’, మధ్యలో టు వద్దు. ప్రశ్న వేయాలంటే డు, డిడ్‌లను పిలవక్కర్లేదు, మాటను ముందుకు జరిపితే చాలు: ‘కుడ్ యు హియర్ మి?’ ఇక ఒక వాక్యంలో రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు. ‘ఐ విల్ క్యాన్ కమ్’ అనడానికి లేదు, ‘ఐ విల్ బి ఏబుల్ టు కమ్’ అనాలి. మనవాళ్ళ నోట మాటిమాటికీ వచ్చే ‘ఐ క్యాన్ ఏబుల్ టు డ్రైవ్’ కూడా ఇలాంటిదే. క్యాన్‌లోనే ఏబుల్ ఉంది, ఇంకోటి ఎందుకు? అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ‘మైట్ కుడ్’ అని రెండూ కలిపి అనేవాళ్ళు ఉన్నారు. అది వాళ్ళ యాస. ఇంటర్వ్యూలో మనం దాని జోలికి పోవద్దు.

‘మేడం, మిగతా క్రియలకు హి, షి వస్తే ఎస్ తగిలిస్తాం కదా, వీటికెందుకు తగలదు?’ అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. ఈ మాటల్లో చాలావాటి వర్తమాన రూపాలు చాలా పాతకాలంలో భూతకాల రూపాలు. భూతకాలానికి ఎస్ ఉండదుగా, ఆ అలవాటు అలా మిగిలిపోయింది. పాత ఇంగ్లీషులో క్యాన్‌కు మూలమైన క్రియకు ‘తెలియడం’ అని అర్థం. మనం ‘నాకు ఈత వచ్చు’ అన్నప్పుడు ఆ ‘వచ్చు’ చేసే పని అదే. అక్కడ కళ్ళు మూసుకుని ‘ఐ క్యాన్ స్విమ్’ అనేయండి.

తిప్పలన్నీ ఆ ‘వచ్చు’తోనే. తెలుగులో ఒక్క వచ్చు మూడు పనులు చేస్తుంది. ‘ఈత వచ్చు’లో అది విద్య. ‘మీరు లోపలికి రావొచ్చు’లో అనుమతి. ‘సాయంత్రం వాన రావొచ్చు’లో అంచనా. విద్యకు క్యాన్. అనుమతికి క్యాన్ గానీ మే గానీ వాడండి, మే కాస్త ఇస్త్రీ బట్టలేసుకున్నట్టు ఉంటుంది. అంచనాకు మే, మైట్. ఇక్కడే మావాళ్ళు ‘ఇట్ క్యాన్ రెయిన్ టుడే’ అంటారు. ఇవాళ్టి సంగతి ఊహిస్తున్నప్పుడు క్యాన్ నప్పదు, ‘ఇట్ మే రెయిన్ టుడే’ అనాలి. మరి అంచనాలో క్యాన్ ఎప్పుడూ రాదా? వస్తుంది, ఎప్పుడైనా జరిగే స్వభావం గురించి చెప్పేటప్పుడు. ‘రెంటచింతలలో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటొచ్చు’ అంటే ఆ ఊరి తీరు చెబుతున్నాం, అక్కడ ‘ఇట్ క్యాన్ క్రాస్ ఫార్టీ ఫైవ్’ సరిగ్గా సరిపోతుంది. ‘ఇవాళ దాటొచ్చు’ అంటే మాత్రం ‘ఇట్ మే క్రాస్’. ఆశ తక్కువగా ఉంటే, ‘ఏమో, దాటినా దాటొచ్చు’ అన్నట్టయితే, మైట్. మే, మైట్ మధ్య తేడా అంతే. దాన్ని కొలవడానికి త్రాసు తెచ్చుకోకండి, మాటల్లో చాలామంది రెంటినీ కలిపే వాడతారు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ‘వాన వస్తుందంటారా?’ అని అడగడానికి ‘మే ఇట్ రెయిన్?’ పనికిరాదు. ‘డు యు థింక్ ఇట్ విల్ రెయిన్?’ అనేయండి.

తర్వాత ‘ఆలి’. వెళ్ళాలి, కట్టాలి, చూపించుకోవాలి. ఈ ఒక్క తోకకు ఇంగ్లీషులో మూడు మాటలున్నాయి: మస్ట్, హ్యావ్ టు, షుడ్. (హ్యావ్ టు ఆ తొమ్మిదిలో లేదు గానీ పని మాత్రం వాటిదే చేస్తుంది.) ఏది వాడాలో తేల్చుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ బలవంతం ఎవరిది? ‘రేపు ఉదయం ఏడింటికే డ్యూటీకి వెళ్ళాలి’, ఇది ఆసుపత్రి వాళ్ళు వేసిన డ్యూటీ, నా ఇష్టం కాదు, కాబట్టి ‘ఐ హ్యావ్ టు గో’. ‘ఎల్లుండి అమ్మ పుట్టినరోజు, ఫోన్ చేయాలి’, ఇది నా మనసు అంటున్నది, ‘ఐ మస్ట్ కాల్ హర్’. ‘నువ్వు ఆ దగ్గు డాక్టరుకు చూపించుకోవాలి’, ఇది సలహా, వింటాడో వినడో వాడిష్టం, ‘యు షుడ్ సీ ఎ డాక్టర్’. నిన్నటి సంగతి అయితే మస్ట్‌కు భూతకాలం లేదు. ‘నిన్న సెలవు పెట్టాల్సి వచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ టు టేక్ లీవ్’.

ఎదుటివాళ్ళతో మస్ట్ అంటే జాగ్రత్త. ‘మీరు మా ఇంటికి తప్పకుండా రావాలండీ’ అని పిలిచేటప్పుడు ‘యు మస్ట్ కమ్’ అంటే ఎంతో ముద్దుగా ఉంటుంది. అదే మస్ట్‌ను పై అధికారికి రాసే మెయిల్లో పెడితే హుకుం జారీ చేసినట్టే. ఇంకా ప్రమాదం ‘హ్యాడ్ బెటర్’. అందులో బెటర్ ఉంది కదా, మెత్తని మాటే అనుకుంటారు. ‘యు హ్యాడ్ బెటర్ పే టుడే’ అంటే, ‘ఇవాళ కట్టకపోయావో, తర్వాత నన్ననకు’ అన్నంత గట్టిగా వినిపిస్తుంది.

ఇప్పుడు నర్సింగ్ పిల్లలతో నేను ఎక్కువసేపు కూర్చునే చోటుకు వస్తాను, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే నష్టం పేషెంటుకి. తెలుగులో తినకూడదు వేరు, తినక్కర్లేదు వేరు. ఈ తేడా చంటిపిల్లలకు కూడా తెలుసు. ఇంగ్లీషుకు వచ్చేసరికి మస్ట్‌కు నాట్ తగిలిస్తే ‘అక్కర్లేదు’ అయిపోతుందని అనుకుంటారు. కాదు. మస్ట్ నాట్ అంటే కూడదు, అచ్చంగా నిషేధం. అక్కర్లేదు అనడానికి ‘డోంట్ హ్యావ్ టు’ గానీ ‘నీడ్ నాట్’ గానీ వాడాలి.

క్లాసులో మేం ఆడే నాటకం ఇలా ఉంటుంది. ఒకమ్మాయి పేషెంటు, ఇంకో అమ్మాయి నర్సు. పేషెంటు మూడు నెలల షుగరు టెస్టుకు వచ్చింది. ఆ టెస్టుకు పరగడుపున రానక్కర్లేదు. నర్సు ఠక్కున ‘యు మస్ట్ నాట్ ఫాస్ట్’ అంటుంది. ‘అమ్మా, ఇప్పుడు నువ్వేమన్నావో తెలుసా? ఖాళీ కడుపుతో వస్తే ఊరుకోం, తినే రావాలి అన్నావు’ అంటాను. అందరూ నవ్వుతారు. ‘యు డోంట్ హ్యావ్ టు ఫాస్ట్’ అని దిద్దుకుంటుంది. తర్వాత పేషెంటు కడుపు స్కానింగుకు వస్తుంది. ఇప్పుడు ఆరు గంటలపాటు ఏమీ తినకూడదు. ఇక్కడ ‘యు మస్ట్ నాట్ ఈట్ ఎనీథింగ్ ఫర్ సిక్స్ అవర్స్’. ఇక్కడ పొరపాటున ‘డోంట్ హ్యావ్ టు ఈట్’ అంటే, ‘తింటే తిను, మానితే మానెయ్’ అని పేషెంటుకు అర్థమవుతుంది, శుభ్రంగా ఇడ్లీ తినేసి వస్తుంది. ఈ రెండు వాక్యాలూ నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా వచ్చేదాకా చెప్పిస్తాను.

‘అండి’ లేని భాషలో మర్యాద

తెలుగులో మర్యాద చూపించడం మనకు పెద్ద పని కాదు. నువ్వుకు బదులు మీరు అంటాం, చివర అండి తగిలిస్తాం, అయిపోయింది. ‘ఆ ఫైలు పంపండి’ అంటే ఎవరూ నొచ్చుకోరు. ఇంగ్లీషులో నువ్వైనా మీరైనా యు ఒక్కటే, అండి లేనే లేదు. ఆ పని మోడల్స్ నెత్తిన పడింది. అందుకే హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉద్యోగాలు వచ్చిన మా పిల్లలు అమెరికా క్లయింటుకు ‘ప్లీజ్ సెండ్ ది ఫైల్’ అని ఎంతో వినయంగా రాశామనుకుంటారు, అవతలివాళ్ళకు అది ఆజ్ఞలా తగులుతుంది. ప్లీజ్ ఒక్కటే అండి పని చేయలేదు.

మెట్లు ఇలా ఎక్కండి. స్నేహితుడైతే ‘క్యాన్ యు సెండ్ ది ఫైల్?’ అంటే చాలు, అది ‘ఫైలు పంపుతావా?’. ఆఫీసులో తోటివాళ్ళయితే ‘కుడ్ యు సెండ్ ది ఫైల్?’, ‘పంపుతారా అండి?’. ఇక్కడ కుడ్ అంటే భూతకాలం అనుకోకండి, రేపు పంపమన్నా కుడ్డే. అవతలివాళ్ళకు కాస్త శ్రమ ఉందనుకుంటే ‘వుడ్ యు మైండ్ సెండింగ్ ఇట్ అగైన్?’, ‘ఏమీ అనుకోకపోతే మళ్ళీ ఒకసారి పంపుతారా?’. మైండ్ తర్వాత క్రియకు ఇంగ్ తగలాలని మరిచిపోవద్దు.

దీనికి జవాబు దగ్గర చాలామంది తడబడతారు. ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్?’ అని రైల్లో ఎవరో అడిగితే మావాళ్ళు నవ్వుతూ ‘యెస్, యెస్’ అంటారు. అంటే ‘అవును, నాకు అభ్యంతరమే’ అని. తెలుగులో ‘ఇక్కడ కూర్చుంటే ఏమీ అనుకోరుగా?’ అని అడిగితే ఏమంటాం? ‘అబ్బే, లేదండీ, కూర్చోండి’ అంటాం. ఆ లేదు ఉందే, దాన్నే ఇంగ్లీషులో పెట్టండి: ‘నో, నాట్ ఎట్ ఆల్’. ఇంకో చిన్న విషయం, ‘కుడ్ యు హెల్ప్ మి?’ అని అడిగితే ‘యెస్, ఐ కుడ్’ అనకూడదు. మర్యాద అడిగేవాళ్ళకే, చేసేవాళ్ళు ‘యెస్, ఐ క్యాన్’ అనో ‘షూర్’ అనో అంటే సరిపోతుంది.

షల్ గురించి ఎక్కువ హైరానా పడకండి. ఐకి, వుయ్‌కి షల్, మిగతావాళ్ళకు విల్ అనే పాత సూత్రాన్ని ఇప్పుడు మాటల్లో ఎవరూ పట్టించుకోవడం లేదు. మనకు షల్‌తో రెండే పనులు, రెంటికీ తెలుగులో తోకలు సిద్ధంగా ఉన్నాయి. ‘కాఫీ తేనా?’, ‘షల్ ఐ బ్రింగ్ కాఫీ?’. ‘వెళ్దామా?’, ‘షల్ వుయ్ గో?’. ఇవి కాక షల్ గట్టిగా కనిపించేది చట్టాల్లో. మన రాజ్యాంగం 14వ అధికరణంలో ‘ది స్టేట్ షల్ నాట్ డినై టు ఎనీ పర్సన్ ఈక్వాలిటీ బిఫోర్ ది లా’ అని ఉంటుంది. ఆ షల్ జరగబోయేది చెప్పడం లేదు, రాజ్యాన్ని కట్టేస్తోంది. అద్దె అగ్రిమెంటులో ‘ది టెనెంట్ షల్ పే’ అని ఉన్నా అంతే, కట్టితీరాలి.

‘లేస్తాను’ అంటే ఎప్పుడు?

తెలుగువాళ్ళ ఇంగ్లీషును నేను ఫోన్లో విని గుర్తుపట్టేది ఇక్కడ. సెల్ఫ్ ఇంట్రడక్షన్ చెప్పమంటే, ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్, ఐ విల్ డు యోగా, మై ఫాదర్ విల్ వర్క్ ఇన్ ఎ కాటన్ మిల్’ అని సాగిపోతారు. కారణం మన తోకే. ‘రేపు ఆరింటికి లేస్తాను’, ‘రోజూ ఆరింటికి లేస్తాను’, రెంటికీ తెలుగులో ఒకే రూపం. ఇంగ్లీషులో రేపటికి విల్, రోజూ చేసేదానికి ఒట్టి క్రియ: ‘ఐ గెట్ అప్ ఎట్ సిక్స్’, ‘మై ఫాదర్ వర్క్స్’. అందుకని తాను, తాడు, తారు వినిపించగానే దాని పక్కన రోజూ అనే మాట పెట్టి చూడండి. అతికితే విల్ తీసేయండి. ఇక ఇఫ్ ఉన్న ముక్కలో విల్ పెట్టకండి. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వుయ్ విల్ స్టే’, విల్ రెండో ముక్కలోనే.

విల్ అనాల్సిన చోట వుడ్ అనడం మన దేశం మొత్తానికి ఉన్న అలవాటు. వుడ్ అయితే మర్యాదగా ఉంటుందని సర్క్యులర్లలో కూడా ‘ది మీటింగ్ వుడ్ బి హెల్డ్ ఆన్ మండే’ అని రాస్తారు. బయటి దేశాలవాళ్ళు ఆ వాక్యం చదివి, ‘జరిగేదే గానీ...’ అన్నట్టు అర్థం చేసుకుని, ఆ గానీ తర్వాత ఏముందోనని వెతుక్కుంటారు. ఖాయంగా జరిగేదానికి విల్ రాయండి. వుడ్‌ను ‘వుడ్ లైక్’కీ, జరగనివాటికీ, పాత అలవాట్లకీ దాచుకోండి. ‘చిన్నప్పుడు ఆదివారం వస్తే సముద్రానికి వెళ్ళేవాళ్ళం’, ‘వుయ్ వుడ్ గో టు ది బీచ్’. అయితే ‘అప్పట్లో చీరాలలో ఉండేవాళ్ళం’ అన్నప్పుడు మాత్రం వుడ్ నప్పదు, ‘వుయ్ యూజ్డ్ టు లివ్ ఇన్ చీరాల’ అనాలి. మళ్ళీ మళ్ళీ చేసిన పనికి ఏదైనా సరే, స్థితికి యూజ్డ్ టు మాత్రమే.

జరిగిపోయినవాటి దగ్గర తోకలు ఇంకా బాగా అక్కరకొస్తాయి. ‘చిన్నప్పుడు చెట్లెక్కగలిగేదాన్ని’, ఇది ఎప్పుడూ ఉన్న సత్తా, ‘ఐ కుడ్ క్లైంబ్ ట్రీస్’. ‘నిన్న తత్కాల్ టికెట్ బుక్ చేయగలిగాను’, ఇది ఒక్కసారి సాధించిన పని, అక్కడ కుడ్ కుదరదు. ఏసీకి పొద్దున 10 గంటలకు, స్లీపర్‌కి 11 గంటలకు తెరిచే ఆ తత్కాల్ పోటీలో టికెట్ చేతికి వచ్చాక ‘ఐ కుడ్ బుక్’ అంటే, ‘కావాలంటే చేసుకోగలను’ అన్నట్టు నీరుగారిపోతుంది. ‘ఐ వాజ్ ఏబుల్ టు బుక్’ గానీ, ఇంకా హుషారుగా ‘ఐ మేనేజ్డ్ టు బుక్’ గానీ అనండి. దొరకకపోతే మాత్రం ‘ఐ కుడ్‌న్ట్ బుక్’ నిక్షేపంగా అనొచ్చు. గలిగేదాన్ని, గలిగాను, లేకపోయాను: తోక ఏదో చూస్తే చాలు.

హ్యావ్ చేరితే ఇంకో నాలుగు. తాళంచెవి పోయిందనుకోండి. ‘బస్సులో పడిపోయి ఉంటుంది’, మనకు దాదాపు ఖాయం, ‘ఇట్ మస్ట్ హ్యావ్ ఫాలెన్’. ‘పడిపోయి ఉండొచ్చు’, ఏమో, ‘ఇట్ మైట్ హ్యావ్ ఫాలెన్’. ‘అక్కడ పడి ఉండదు, నేను బ్యాగు తెరవనే లేదు’, ‘ఇట్ కాంట్ హ్యావ్ ఫాలెన్ దేర్’. ‘జేబులో పెట్టుకోవాల్సింది’, ‘ఐ షుడ్ హ్యావ్ కెప్ట్ ఇట్ ఇన్ మై పాకెట్’. హ్యావ్ తర్వాత మూడో రూపం, ఫాలెన్, కెప్ట్, గాన్. ‘షుడ్ హ్యావ్ వెంట్’ అని మా బ్యాచ్‌లో వినపడితే క్లాసంతా ఒక్క గొంతుతో ‘గాన్’ అని అరుస్తుంది. వేగంగా అన్నప్పుడు హ్యావ్ కరిగిపోయి ‘షుడవ్’ అనే వినిపిస్తుంది. ఆ చప్పుడు విని అమెరికావాళ్ళే కొందరు హ్యావ్‌కు బదులు ఓ, ఎఫ్ ‘ఆఫ్’ రాసేస్తుంటారు. మీరు రాయొద్దు.

చెవికి, నోటికి సంబంధించినవి కొన్ని మిగిలాయి. కుడ్, వుడ్, షుడ్ స్పెల్లింగులో ఎల్ ఉంటుంది, నోట్లో ఉండదు. నిజానికి కుడ్‌కు పుట్టుకతో ఎల్ లేదు, మిగతా రెంటినీ చూసి తర్వాత దానికీ తగిలించారు. కాబట్టి ‘కుల్డ్’ అని పలకకండి.

ఇంకోటి పిల్లల దగ్గరికి డాలస్‌కో ఫిలడెల్ఫియాకో వెళ్ళే అమ్మానాన్నలకూ, అమెరికా ఫోన్లు మాట్లాడే పిల్లలకూ. అమెరికావాళ్ళు కాంట్ అని దీర్ఘం తీయరు, ‘క్యాంట్’ అంటారు, చివరి టి కూడా సగం మింగేస్తారు. మరి క్యాన్‌కూ దానికీ తేడా వాళ్ళకెలా తెలుస్తుంది? ఒత్తును బట్టి. అవుననేటప్పుడు క్యాన్‌ను నలిపేసి ‘కన్’ అంటారు, బరువంతా తర్వాతి క్రియ మీద వేస్తారు: ‘ఐ కన్ కమ్’. కాదనేటప్పుడు క్యాంట్‌నే ఒత్తి పలుకుతారు. మనం తెలుగు అలవాటుతో ప్రతి అక్షరాన్నీ సమంగా, స్పష్టంగా ‘ఐ క్యాన్ కమ్’ అంటే, ఆ క్యాన్ మీద పడ్డ బరువు విని వాళ్ళు రాలేమన్నామని అనుకోవచ్చు. ఫోన్లో రికార్డర్ పెట్టుకుని ‘ఐ కన్ కమ్ ఆన్ మండే, బట్ ఐ క్యాంట్ కమ్ ఆన్ ట్యూస్‌డే’ అని చెప్పి, వెనక్కి వేసుకుని వినండి. రెండూ ఒకేలా వినిపిస్తే మొదటి కమ్‌ను ఇంకాస్త ఒత్తి, మొదటి కన్‌ను ఇంకాస్త మింగేయండి. అయినా అవతలివాళ్ళు ‘క్యాన్ ఆర్ క్యాంట్?’ అని అడిగితే నసగొద్దు. రాలేకపోతే ‘ఐ కెనాట్’ అని విడగొట్టి చెప్పండి, రాగలిగితే ‘యెస్, ఐ విల్ బి దేర్’ అని వాక్యమే మార్చేయండి.